నల్లమచ్చల రొయ్యలు

రొయ్యకు నెత్తురుంటుందంటే మా అమ్మ ఏనాడూ నమ్మలేదు.

"కాపరానికొచ్చిన కాడినుంచి ఒలుస్తన్నాను, ఒక్క సుక్కయినా నా సేతికి అంటుకోనేదు. నువ్వు సూదెట్టి తీసీది నెత్తురేటే? నీళ్ళయ్యుంటాయి," అనేది.

అమ్మ మాటలో సగం నిజముంది. రొయ్య నెత్తురు ఎర్రగా ఉండదు. తీసినప్పుడు ఇంచుమించు నీళ్ళలాగే ఉండి, గాలి తగిలాక పలచని నీలిరంగు తిరుగుతుంది. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే ప్రోటీనుకు ఇనుము ఆధారమైతే, రొయ్యా పీతా వగైరాల్లో రాగి ఆధారం. అందుకే ఆ నీలం. ఇది నేను ఎన్ని బ్యాచుల పిల్లలకు చెప్పానో లెక్కలేదు గాని, మా అమ్మను మాత్రం ఒప్పించలేకపోయాను.

మాది శ్రీకాకుళం వైపు నుంచి తాతగారి కాలంలోనే రైలు పనికోసం బిలాస్‌పూర్ వచ్చేసిన కుటుంబం. నాన్నగారు గార్డు. నేను రైల్వే క్వార్టర్లలో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుకుంటూ పెరిగి, ఇదే ఊళ్ళో ఒక కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఈమధ్య ఒకమ్మాయి నా దగ్గరకొచ్చి, "మేడమ్, రీసెర్చ్ అంటే ఏసీ గదిలో కూర్చుని మెషీను చూసుకోవడమే కదా?" అని అడిగింది. ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. తొంభైల మధ్యలో జరిగింది. అప్పటికి మా ఊరు ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది.

నా పనేమిటో ముందు చెప్పాలి. మన ఒంటికి, ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకునే గుణముంది. టీకాలు పనిచేసేది దానివల్లనే. రొయ్యకు అలాంటి జ్ఞాపకం లేదు. దెబ్బ తగిలినా, పురుగు చొరబడినా అప్పటికప్పుడు దాని నెత్తురే చూసుకోవాలి. నెత్తురు గబుక్కున గడ్డకట్టి కన్నం మూసేస్తుంది. నెత్తుటి కణాలు వచ్చినవాడిని చుట్టుముట్టి మింగేస్తాయి. ఆ చోటంతా నల్లబడి గట్టిపడుతుంది. ఈ నల్లబడటమన్న మాట గుర్తుంచుకోండి, కథంతా దానిమీదే.

ఇదంతా కొలవడమే నా పరిశోధన. కొలవాలంటే ముందు నెత్తురు తీయాలి కదా. అక్కడే వచ్చింది చిక్కు. సూది గుచ్చి పిస్టను వెనక్కి లాగేలోగా సూదిలోనే గడ్డకట్టేసేది. మొదటి వర్షాకాలమంతా నా చేతిలో సిరంజిలు మూసుకుపోవడం తప్ప ఏ పనీ జరగలేదు. మా హెడ్డుగారు బెంగాలీ ఆయన, మంచి భోజనప్రియుడు. రోజూ టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా బల్ల మీద మూసుకుపోయిన సూదులు చూసి, "అచ్ఛా, ఇవాళ కూడా రొయ్యదే గెలుపు?" అనేవారు. ఆ తర్వాత తొట్టెలో రొయ్యల్ని ఒక్కొక్కదాన్నే చూస్తూ నిట్టూర్చేవారు. అది శాస్త్రవేత్త నిట్టూర్పు కాదని అందరికీ తెలుసు.

చివరికి సిరంజిని మంచులో పెట్టి చల్లబరిచి, అందులో ముందే గడ్డకట్టనివ్వని మందు నింపి తీస్తే దారిలోకి వచ్చింది. మంచు కోసం పొద్దున్నే చేపల బజారుకి వెళ్ళేదాన్ని. "రైల్వే గార్డుగారమ్మాయి ఐసు వ్యాపారం పెట్టింది," అని కాలనీలో చెప్పుకునేవారట. ఆ మాట ఇంటికి మోసుకొచ్చింది నాన్నగారే. పకపకా నవ్వారు కూడాను.

ఇలా ఉండగా గతౌరా స్టేషను అవతల ఒక చిన్న పల్లెలో చేపలు పట్టే కుటుంబాలు ఒక సంఘంగా ఏర్పడి ఊరి చెరువులో నీలకంఠ రొయ్య వేద్దామనుకున్నాయి. మంచినీళ్ళలో పెరిగే పెద్దరకం అది. ముదిరిన మగరొయ్యకు ముందరి కాళ్ళు నిగనిగలాడే నీలంగా, ఒంటికంటే పొడుగ్గా ఉంటాయి. మా వైపు చెరువుల్లో అప్పటిదాకా ఎవరూ వేసి ఎరుగరు. ఆ సంఘానికి పెద్ద ఒకావిడ. నా కంటే వయసులో పెద్దది, గట్టి గొంతు, చేతికి ఎప్పుడూ వల వాసన. అందరూ దీదీ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను నోనీ అనేది. ఛత్తీస్‌గఢీలో నోనీ అంటే అమ్మాయీ అని. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి, కాలేజీలో లెక్చరర్ని. అయినా ఆవిడకు నోనీనే.

రొయ్యపిల్లలు ఆంధ్రా తీరం నుంచి రైల్లో వచ్చాయి. సగం నీళ్ళు, సగం ఆక్సిజను నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, వెంట్రుకల్లాంటి పిల్లలు. తెల్లారగానే ప్లాట్‌ఫారమ్ మీద పార్సిల్ పెట్టె తలుపు తీసేసరికి దీదీ వాళ్ళ ఆడవాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారు. డ్యూటీ లేకపోయినా నాన్నగారూ వచ్చారు. ఒక సంచి వెలుతురుకెత్తి పట్టి చూసి, "ఇందులో రొయ్యలున్నాయేటే తల్లీ? నాకు రెండు కళ్ళే అవుపడుతున్నాయి," అన్నారు. నిజమే, ఆ వయసులో రొయ్యకు కళ్ళు తప్ప ఏమీ కనబడవు.

పిల్లలు బతికాయి, పెరిగాయి. నెలలు గడిచేకొద్దీ దీదీ వాళ్ళ ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. చుట్టాలొచ్చినా వల వేసి చూపించడం, సర్పంచి వచ్చినా వల వేసి చూపించడం. "ఇదిగో ఇంత, ఇదిగో ఇంత" అని వేళ్ళతో కొలతలు. పంట చేతికందడానికి ఇంకొన్ని వారాలున్నాయనగా ఒకరోజు దీదీ పొద్దున పాసింజరెక్కి తిన్నగా మా ల్యాబుకొచ్చింది. తడిగుడ్డలో చుట్టిన రొయ్యను బల్ల మీద పెట్టింది.

"నోనీ, కా హోగే మోర్ చింగ్‌రీ లా?" అంది. నా రొయ్యకు ఏమైంది అని.

దాని పక్క డొప్ప మీద, అంటే పైపెంకు మీద, బొగ్గు పెట్టి అద్దినట్టు నల్లటి మచ్చలు. తోక దగ్గరొకటి, కాలి మొదట్లో ఇంకొకటి.

"ఇలాంటివి ఎన్ని?"

"వల వేస్తే సగానికి పైగా ఇవే. కొనేవాడొచ్చి చూసి బండి తిప్పుకుని పోయాడు."

అవి కోస్తాలో రొయ్యల చెరువులకు తెగులు సోకి, చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోతున్న రోజులు. అక్కడి రొయ్య వేరు, ఉప్పునీటిది. ఆ తెగులుకి తెల్లమచ్చలు, ఇక్కడివి నల్లమచ్చలు. కానీ మచ్చ అన్న మాట వింటేనే అందరికీ వణుకు. చేపల అధికారి ఒకాయన ఉండేవారు, పెద్దమనిషే, మాటతీరు కూడా మర్యాదైనదే. కానీ ఆ పల్లె పక్కనుంచే వాగు పోతుంది, వాగు మీద ఇంకా చెరువులున్నాయి. ఏదైనా అంటుకుంటే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. అందుకని రొయ్యల్ని బయటికి పోనివ్వకుండా చెరువులో బ్లీచింగు పొడి కలిపేయడమే మేలని నిశ్చయించుకున్నారు. కలిపితే చెరువులో ఏ ప్రాణీ మిగలదు. దీదీ వాళ్ళ ఏడాది చాకిరీ నీళ్ళపాలే.

నాకు చూడగానే అనుమానం తట్టింది. ఆ మచ్చల అంచులు గట్టిగా, ఆరిపోయి ఉన్నాయి. రొయ్య చురుగ్గా ఉంది, పొట్టనిండా తిండి ఉంది. ఇది తెగులు కాదు, మానుతున్న దెబ్బ అనిపించింది. కానీ అనిపించడం వేరు, నలుగురి ముందు చెప్పడం వేరు. మా హెడ్డుగారిని అడుగుదామంటే ఆయన మేనకోడలి పెళ్ళికని కలకత్తా వెళ్ళారు. నేనే అధికారిగారింటికి వెళ్ళి, "పొడి కలిపే ముందు ఒక్కసారి నన్ను చూడనివ్వండి" అని బతిమాలుకున్నాను.

ఆయన ఆలోచించి, "సరే మేడమ్, రేపు పొద్దున చెరువు దగ్గరే చూడండి. కానీ బస్తాలు కూడా వస్తాయి. మీరు నమ్మకంగా చెప్పలేకపోతే మధ్యాహ్నంకల్లా పని మొదలెట్టేస్తాం," అన్నారు.

మచ్చలున్న రొయ్యల్ని మాత్రమే ఏరి, చెరువులోనే గడలు పాతి కట్టిన ఒక వల సంచిలో వేసి ఉంచమని దీదీకి కబురు పంపాను.

మర్నాడు ఫ్లాస్కులో ఐసు, సిరంజిలు, గాజు పలకలు, భూతద్దం సంచిలో సర్దుకుని పాసింజరెక్కాను. అమ్మ టిఫిన్ డబ్బా చేతిలో పెడుతూ, "రొయ్యల్లో నెత్తురు నేకపోతే ఏటి సేస్తావే?" అంది. నవ్వొచ్చింది గాని, బండి కదిలాక ఆ నవ్వు నిలవలేదు.

వెళ్ళేసరికి గట్టు మీద ఊరంతా ఉంది. బిలాస్‌పూర్ పక్కనున్న తిఫ్రా నుంచి వచ్చిన ట్రాక్టరు ట్రాలీ నిండా బస్తాలు. వాటి ఘాటు వాసన గట్టు పొడుగునా కమ్మేసింది. ఎవరో నాకోసం ఒక నులకమంచం వాల్చారు, దాని మీదే నా ల్యాబు పరిచాను.

కంగారులో ఒక మాట ముందే అనేశాను. "చూడండి, లోపల ఆరోగ్యంగా ఉన్న రొయ్య నెత్తురు చూస్తుండగానే గడ్డకడుతుంది. తెగులు ముదిరిన రొయ్య నెత్తురు నీళ్ళలాగే ఉండిపోతుంది. మందు కలపకుండా తీస్తాను, మీరే చూద్దురుగాని." ఎన్నో నెలలు నన్ను ఏడిపించిన ఆ గడ్డకట్టే గుణమే ఇవాళ నాకు సాక్ష్యం చెబుతుందని నా ధీమా.

దీదీ వల సంచిలో చెయ్యిపెట్టి అందిన రొయ్యను తీసి ఇచ్చింది. కాలి మొదట్లో సూది గుచ్చి లాగాను. సులువుగా వచ్చేసింది. అంత సులువుగా ఎప్పుడూ రాదు. గాజు పలక మీద చుక్క వేసి అటూ ఇటూ వంచాను. అది నీళ్ళలా అటు జారింది, ఇటు జారింది. గడ్డకట్టదే!

అందరూ ఆ పలక వైపే చూస్తున్నారు. అధికారిగారు మెల్లిగా, "మేడమ్, మీరే చెప్పారు కదా..." అన్నారు. గొంతులో వెటకారం లేదు, బాధే ఉంది. వెనకాల ట్రాలీ దగ్గర ఎవరో బస్తా దించిన చప్పుడైంది. దీదీ నా మొహంకేసి చూస్తోంది. చేతిలో రొయ్యను అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

అప్పుడు తెలిసింది నా వేళ్ళకి. రొయ్య మెత్తగా ఉంది. తడిసిన కాగితంలా, నొక్కితే లోపలికి పోతోంది. తిప్పి చూశాను. ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదు.

"దీదీ, మచ్చలున్నవే వేయమన్నాను కదా, ఇది శుభ్రంగా ఉందేం?"

"నా కళ్ళతో ఒక్కొక్కటీ చూసి వేశాను నోనీ. మచ్చలేనిది ఒక్కటీ లేదు. నా పిల్లల మీద ఒట్టు."

నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగాను. భుజం దాకా చెయ్యి పెట్టి ఆ వల సంచి అడుగంతా తడిమాను. రొయ్యలు వేళ్ళని గిల్లుతున్నాయి. చివరికి ఒక మూల ఏదో పలచగా, తేలిగ్గా తగిలింది. పైకి తీశాను. రొయ్య విడిచేసిన డొప్ప! తోకవైపు కొంత మిగతా రొయ్యలు కొరుక్కుతిన్నాయి. మిగిలిన దాని పక్కన, బొగ్గు అద్దినట్టు, నల్లమచ్చ.

నా గొంతు దానంతటదే లేచింది. "ఇదిగో! ఇది దాని పాత డొప్ప! రొయ్య పెరగాలంటే డొప్ప విడవాలి. ఇది రాత్రికి రాత్రి విడిచేసింది. మచ్చ డొప్పతోనే పోయింది, కింద ఒళ్ళు శుభ్రంగా ఉంది. తెగులైతే లోపలి కండకి కూడా ఉండాలి కదా! డొప్ప విడిచేటప్పుడు రొయ్య ఒంటినిండా నీళ్ళు పీల్చుకుంటుంది, అందుకే నెత్తురు పలచబడింది!"

దీదీ ఆ డొప్పని నా చేతిలోంచి తీసుకుని, మెత్తని రొయ్య పక్కన పెట్టి చూసింది. ఒక్క క్షణం ఆగి గట్టంతా వినబడేలా అరిచింది: "అరే, ఏ హ తో లుగ్‌రా బదల్ డారిస్!"

ఇది చీర మార్చుకుందర్రా అని. గట్టు మీద నవ్వు మొదలై చెరువు అవతలి ఒడ్డు దాకా పోయింది. అధికారిగారు నవ్వకుండా ఉందామని చూశారు గాని ఆయన వల్ల కాలేదు.

ఆ తర్వాత గట్టి డొప్పలతో, నిండా మచ్చలతో ఉన్న రొయ్యల్ని తీశాం. మొదటిదాని నెత్తురు పలక మీద పడి, వంచేలోగా జిగురులా అతుక్కుపోయింది. రెండోదీ అంతే. మూడోది అధికారిగారు తనే తీస్తానన్నారు. నేను రొయ్యను పట్టుకున్నాను, ఆయన లాగారు. తీసి పలక మీద వేయబోతే చుక్క రాలేదు. పిస్టను నొక్కితే కదలదు. బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కి, "ఏమైంది మేడమ్, పాడైందా?" అన్నారు.

"లేదు సర్. సూదిలోనే గడ్డకట్టేసింది," అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట సంతోషంగా అన్నాను.

ఆయన సిరంజి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నారు. "ఒప్పుకున్నాను. అయినా రేపు ఇవన్నీ చచ్చి తేలితే పైవాళ్ళకి నేనేం చెప్పను?"

"నా పేరు చెప్పండి," అన్నాను. అనేసి తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకున్నాను.

బస్తాలు తిరిగి వెళ్ళిపోయాయి. అయితే తాను మళ్ళీ చూసి సరే అనేదాకా చెరువులోంచి ఒక్క రొయ్యా బయటికి పోకూడదని ఆయన షరతు పెట్టారు, అది న్యాయమే. ఇక దెబ్బలెందుకు తగులుతున్నాయో చూడాలి. అది కనిపెట్టడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఊరికి వచ్చిన ప్రతివాడికీ వల లాగి చూపించడమే సగం కారణం. మిగతా సగం, చెరువు అడుగు పళ్ళెంలా చదునుగా ఉండి, కొట్టుకునే మగరొయ్యలకు దాక్కునే చోటు లేకపోవడం. వలలు కట్టిపెట్టమన్నాను. దీదీ వాళ్ళు ఎండుకొమ్మలు, పగిలిన కుండలు, తిఫ్రాలో లారీ షెడ్ల దగ్గర పారేసిన టైర్లు తెచ్చి చెరువులో వేశారు. ఆ ఊళ్ళో చుట్టాలకు రొయ్యల్ని చూపించుకునే సరదా లేక చాలామంది ముఖాలు మాడ్చుకున్నారని విన్నాను.

రోజులు గడిచేకొద్దీ ఒడ్డు వెంట విడిచిన డొప్పలు కనబడసాగాయి. కొత్త డొప్పల మీద మచ్చలు తగ్గుతూ వచ్చాయి. అధికారిగారు మొదట తనిఖీకని వచ్చేవారు, తర్వాత ఏదో ఒక వంకతో వచ్చేవారు, ఆఖరికి ఒక ఆదివారం భార్యనీ పిల్లల్నీ జీపులో వేసుకుని తీసుకొచ్చారు. ఆయన గట్టు మీద నిలబడి, ఆ పిల్లలకు రొయ్య నెత్తురు నీలమెందుకో చెప్తుంటే నేను వెనకనుంచి విన్నాను. రాగి సంగతి తప్పులేకుండానే చెప్పారు.

మా హెడ్డుగారు కలకత్తా నుంచి వచ్చి సంగతంతా విని వారంపాటు మూతి ముడుచుకున్నారు. "నేను లేనప్పుడే జరగాలా ఇదంతా?" అని. చివరికి ఆయన్ని చెరువు దగ్గరకు తీసుకెళ్ళి, దీదీ చేత మొదటినుంచి కథంతా చెప్పించాల్సి వచ్చింది. దీదీ చెప్పిన కథలో నేను చెరువులో మునిగి తేలాను, రొయ్య నా వేలు పట్టుకుని డొప్ప దగ్గరకు తీసుకెళ్ళింది. నేనేమీ సరిదిద్దలేదు.

అధికారిగారు సరేనన్నాక రొయ్యలు పట్టిన రోజు సర్కండా బజారులో, రైల్వే కాలనీలో ఎక్కడ చూసినా వాటి మాటే. కోస్తా వదిలొచ్చి ఏళ్ళైన మనవాళ్ళు అంతంత రొయ్యలు చూసి పిల్లల్ని పిలిచి మరీ చూపించుకున్నారు. హెడ్డుగారు రొయ్యల కూరలోకి ఆవాలు నూరించి పెట్టుకుని ఇంటి దగ్గర ఎదురుచూశారట.

ఆ గొడవంతా సద్దుమణిగాక ఒక సోమవారం దీదీ, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు కాలేజీ గేటు దగ్గరకొచ్చి నిలబడ్డారని ప్యూను చెప్పాడు. ఎన్నిసార్లు ఆ గేటు ముందు నుంచి చేపల బుట్టలతో వెళ్ళారో గాని, దీదీ తప్ప మిగతా వాళ్ళెవరూ అదివరకెన్నడూ లోపలికి రాలేదు. "ఆ నెత్తుటిలో తిరిగే వాళ్ళని చూపిస్తావా నోనీ?" అంది దీదీ. కణాల గురించి నేను గట్టు మీద ఏదో చెప్పిన మాట ఆవిడకు గుర్తుంది.

తొట్టెలోంచి రొయ్యను తీసి, మందు నింపిన సిరంజితో లాగిన ఒక చుక్క నెత్తురులో కాస్త మెత్తని మసి కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టాను. మసి రేణువుల్ని బయటివాళ్ళనుకుని కణాలు వాటి మీదకు పాకుతాయి, చుట్టుకుంటాయి, మెల్లిగా లోపలికి లాగేసుకుంటాయి. ఒక్కొక్కరే చూశారు. ఒకావిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది, ఇంకొకావిడ గొట్టం లోపలికి కాకుండా పక్కనుంచి చూసి "ఏమీ లేదే" అంది. అందరూ నవ్వారు. ఆఖరికి దీదీ స్టూలు మీద కూర్చుంది. ఒక కన్ను మూసుకోవడం చేతకాక అరచేత్తో కప్పుకుంది.

ఇంతలో గంట కొట్టారు. బీయస్సీ పిల్లలు ప్రాక్టికల్‌కని తలుపు దగ్గర గుమిగూడారు. లోపల పేరెరగని ఆడవాళ్ళని చూసి ఏమనాలో తెలీక నిలబడ్డారు. నేను దీదీ భుజం మీద చెయ్యి వేసి, "దీదీ, క్లాసు టైమైంది," అన్నాను.

ఆవిడ తల ఎత్తలేదు.

"ఉండు నోనీ. ఒకటి ఇంకా మింగుతోంది, సగమే అయింది. దాని పని అవనీ, లేస్తాను."

నేను పిల్లల వైపు తిరిగి, కాసేపు బయటే ఉండమని చెయ్యి చూపించి, తలుపు దగ్గరగా వేసి, దీదీ పక్కన ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాను.